పైగదికి అభ్యంతరం చెప్పిన మన తెలుగువాళ్ళకి ఒక బహిరంగ లేఖ

అక్కలకీ వదినలకీ, పిన్నిగార్లకీ బాబాయిగార్లకీ నమస్కారం.

మీలో చాలామందికి నేను తెలుసు. ఉగాదికీ సీమంతాలకీ ఓణీల ఫంక్షన్లకీ మీ బ్లౌజులు కుట్టేది నేనే. మన ఆదివారం తెలుగుబడి పిల్లల కూచిపూడి డ్రెస్సులకి ముందువైపు విసనకర్ర మడతలు పెట్టి ఇచ్చేదీ నేనే. మాది తెనాలి. లండన్ వచ్చి పద్నాలుగేళ్ళయింది. బ్లౌజులు కాక ఇంకేం కుడతానో మీలో ఇద్దరు ముగ్గురికి తప్ప తెలియదు. నేనూ ఎప్పుడూ చెప్పుకోలేదు. చెప్పుకుంటే కొలతలివ్వడానికి రావడం మానేస్తారేమో అని భయం. ఇప్పుడు చెప్పక తప్పడం లేదు.

మన వీధి చివర పబ్ పైన ఒక గది ఉంది కదా, ఇరుకు మెట్లెక్కి వెళ్ళాలి, అరవై కుర్చీలు పడతాయి. అక్కడ నెలకో శనివారం రాత్రి బర్లెస్క్ షో జరుగుతుంది, అంటే వేళాకోళం కలిపి వేసే డాన్సు ప్రదర్శన. ఎనిమిదేళ్ళుగా ఆ షోకి డ్రెస్సులు కుడుతున్నది నేనే.

ఆ గదికి ఇప్పుడు 'సెక్సువల్ ఎంటర్‌టైన్‌మెంట్ వెన్యూ', అంటే కామోద్రేకం కలిగించే ప్రదర్శనలు జరిగే చోటు, అనే లైసెన్సు కావాలని కౌన్సిల్ (ఇక్కడి మునిసిపాలిటీ) నుంచి ఉత్తరం వచ్చింది. షో నడిపే ఆవిడ ఇష్టం లేకపోయినా దరఖాస్తు పెట్టింది. పద్ధతి ప్రకారం తలుపుకి 21 రోజులు నోటీసు అంటించాలి, పేపర్లో ప్రకటన వేయాలి, 28 రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఆ నోటీసు ఫోటో మన వాట్సాప్ గ్రూపులో పడింది. మర్నాడు పొద్దున్నకల్లా ఒక నమూనా ఉత్తరం కూడా వచ్చింది, కింద పేరు, అడ్రసు వేసి పంపితే చాలు అని. అభ్యంతరం చెప్పినవాళ్ళ పేర్లు వాళ్ళ అనుమతి లేకుండా కౌన్సిల్ బయటపెట్టకూడదు, చట్టంలోనే ఆ మాట ఉంది. అందుకని ఎవరెవరు సంతకం పెట్టారో నాకు ఎవరూ చెప్పలేదు. కానీ అభ్యంతరాల సారాంశం మాకు ఇస్తారు. ఆ కాగితం చేతిలోకి తీసుకుని మూడో పేరా చదవగానే గుర్తుపట్టాను. అవే వాక్యాలు. మన గ్రూపులోవే.

పైగదికి వచ్చి చూసినవాళ్ళు ఇలా రాసి ఉంటే నేను బాధపడేదాన్ని కాదు. ఎవరి అభిప్రాయం వాళ్ళది. అక్కడ ఏం జరుగుతుందో తెలియకుండానే రాశారు. నోటీసు మీద ఉన్న పేరు అలాంటిది మరి. ఆ పేరు చదివితే నేనైనా ఉలిక్కిపడతాను. అందుకే ముందు, ఆ గదిలో ఏం జరుగుతుందో చెప్తాను.

బర్లెస్క్ అనే మాట ఇటాలియన్ నుంచి వచ్చింది. దాని మూలం 'బుర్లా', అంటే వేళాకోళం. పెద్దవాళ్ళ నాటకాలనీ గొప్పింటి మర్యాదలనీ వెక్కిరిస్తూ విక్టోరియా రాణి కాలంలో లండన్ నాటకశాలల్లో వేసేవాళ్ళు. 1868లో లిడియా థాంప్సన్ అనే ఆవిడ తన బృందంతో ఇక్కణ్ణుంచి న్యూయార్క్ వెళ్ళి అక్కడ దుమ్ము రేపింది. మగవేషాలు వేసుకుని, బిగుతు మేజోళ్ళతో, మగవాళ్ళ మీదే జోకులు వేసే ఆడవాళ్ళని జనం అంతకుముందు అలా చూడలేదు. బట్టలు ఒక్కొక్కటే తీసే నాట్యం ఆ తర్వాత, అమెరికాలో, దీనికి తోడైంది. మన వీధి భాగవతాల్లో హాస్యగాడు రాజుగారి మీదే పరాచికాలాడినట్టు, దీనికీ ప్రాణం ఆ పరాచికమే. బట్టలు తీయడం ఉంటుందా అంటే, ఉంటుంది. దాచను. కానీ తీసే తీరులోనే కథంతా ఉంటుంది.

మా షోలో ఒకావిడ ఉంది. యాభై దాటింది. పగలు ఆసుపత్రిలో నర్సు. ఆవిడ వేసే ఐటమ్‌లో పాతకాలపు దొరసానిలా గౌనుతో వస్తుంది. గౌను తీస్తే లోపల ఇంకో గౌను. అది తీస్తే స్వెట్టరు. స్వెట్టరు కింద ఏప్రను, దాని కింద రెయిన్‌కోటు. ఇలా మొత్తం ఏడు పొరలు. ప్రతి పొరకీ జనం ఈలలు వేస్తారు, ఆవిడ ఓపికపట్టండి అన్నట్టు వేలు చూపిస్తుంది. చివరికి మిగిలేది మెడ దాకా బొత్తాలున్న ఫ్లానెల్ నైటీ, చేతిలో వేడినీళ్ళ బ్యాగు. ఆవిడ కుర్చీలో కూలబడి మోకాళ్ళ మీద బ్యాగు పెట్టుకుని 'అమ్మయ్య' అంటుంది. గది కప్పు లేచిపోతుంది. ఎదురుగా కూర్చుని నవ్వేవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళే ఉంటారు. ఆ ఏడు పొరలకీ హుక్కులు పెడితే ఊడడానికి టైము పడుతుంది, అందుకని అన్నింటికీ వీపు వైపు టిచ్ బటన్లు పెట్టాను. ఒక్క లాగుతో టకటకమని విడిపోవాలి, అలాగని నడుస్తుంటే ఊడకూడదు. ఆ కొలత కుదరడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఇంకొకావిడ ఉంది. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఒకవైపు ఆపరేషన్ అయింది. రెండేళ్ళు స్టేజి ఎక్కలేదు. మళ్ళీ ఎక్కుతానని నా దగ్గరికి వచ్చినప్పుడు కుట్టు మిషను పక్కన నిలబడి, 'దాచేలా వద్దు' అంది. ఈ నాట్యంలో చనుమొనల మీద అతికించుకునే చిన్న గుండ్రటి కప్పులుంటాయి, పేస్టీలంటారు. బకరం ముక్కని సన్నని గరాటులా మడిచి, శాటిన్ కప్పి, చమ్కీలు కుట్టి చేస్తాను. ఆవిడకి ఒకవైపే చేశాను. రెండోవైపు, కుట్ల మచ్చ పొడవునా అతికేలా ఆకుపచ్చ పూసలతో ఒక తీగ కుట్టాను, చివర ఎర్ర మొగ్గ. అతికించడానికి వాడేది స్పిరిట్ గమ్. తెనాలిలో మా నాన్నగారి డ్రామా డ్రెస్సుల షాపులో దుర్యోధనుడి మీసాలు అతికించిన జిగురు అదే. ఆ సీసా మూత తీస్తే ఇప్పటికీ నాకు నాన్నగారి షాపు గుర్తొస్తుంది. ఆవిడ ఆ రాత్రి శాలువా జార్చి నిలబడితే ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు ఏడ్చారు. తర్వాత అందరూ లేచి నిలబడ్డారు.

ఇక చట్టం సంగతి. 2009లో వచ్చిన పోలీసింగ్ అండ్ క్రైమ్ చట్టంలో 27వ సెక్షన్ ఈ కొత్త లైసెన్సుని తెచ్చింది. 1982 నాటి చట్టంలో సెక్స్ షాపుల కోసం ఉన్న షెడ్యూలుకే దీన్ని అతికించారు. ఇంగ్లండులో 2010 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఇది ఎందుకు వచ్చిందో కూడా చెప్పాలి, లేకపోతే నేను ఒకవైపే మాట్లాడినట్టవుతుంది. అంతకుముందు ల్యాప్ డాన్సింగ్ క్లబ్బు (కస్టమరు ఒడి దగ్గరికొచ్చి అమ్మాయిలు డాన్సు చేసే చోటు) పెట్టాలన్నా, కాఫీ హోటలో మామూలు పబ్బో పెట్టాలన్నా ఒకటే రకం లైసెన్సు. ఇంటి పక్కన అలాంటి క్లబ్బు వెలిస్తే, ఏవో కొద్ది కారణాల మీద తప్ప అడ్డు చెప్పడానికి జనానికి దారి లేదు. ఫాసెట్ సొసైటీ, ఆబ్జెక్ట్ లాంటి స్త్రీల సంస్థలు దాని మీద పోరాడాయి. వాళ్ళడిగింది సబబే. ఆ క్లబ్బుల్లో చాలాచోట్ల డాన్సు చేసే అమ్మాయే ఆ రాత్రికి క్లబ్బుకి ఎదురు డబ్బు కట్టి, అది రాబట్టుకోవడానికి కస్టమర్ల చుట్టూ తిరగాలి. అక్కడ చట్టం అడుగుపెట్టాల్సిందే.

కానీ రాసిన మాటలు చూడండి. చూసేవాళ్ళలో ఏ ఒక్కరికైనా కామోద్రేకం కలిగించడమే ఏకైక ఉద్దేశంగానో ముఖ్య ఉద్దేశంగానో జరుగుతోందని సబబుగా అనుకోవాల్సి వచ్చే ప్రదర్శన ఏదైనా దీని కిందికి వస్తుంది. నగ్నత్వం ఉండాలని కూడా లేదు, ప్రదర్శన అయితే చాలు. అంటే నేను కుట్టే రెండంగుళాల కప్పు ఉందా లేదా అన్నది కూడా తేల్చదు. ముఖ్య ఉద్దేశం ఏమిటో ఎవరు తేల్చాలి? కౌన్సిల్ ఆఫీసరు. నైటీ, వేడినీళ్ళ బ్యాగు ఐటమ్ ముఖ్య ఉద్దేశం ఏమిటి? ఆకుపచ్చ పూసల తీగ ముఖ్య ఉద్దేశం ఏమిటి? ఆఫీసరు షోకి రాలేదు. ఎవరో పంపిన పోస్టరు చూసి ఉత్తరం రాశారు.

హోంశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ చట్టం కిందికి ఏమేం వస్తాయో ఒక జాబితా ఉంది. ల్యాప్ డాన్సింగ్, పోల్ డాన్సింగ్, టేబుల్ డాన్సింగ్, స్ట్రిప్ షోలు, పీప్ షోలు, ఇంకా అలాంటివి. బర్లెస్క్ పేరు అందులో లేదు. ఆ జాబితాయే పూర్తి కాదనీ, పేరుని బట్టి కాకుండా లోపల జరిగేదాన్ని బట్టి తేల్చాలనీ కూడా అందులోనే ఉంది. మేం అడుగుతున్నదీ అదే, లోపల జరిగేదాన్ని చూసి తేల్చమని. ఈ తకరారు ఇవాళ్టిది కాదు. ఆ చట్టం ఇంకా అమల్లోకి రాకముందే, 2009లో, లండన్‌లోని కామ్డెన్‌లో కౌన్సిల్ బర్లెస్క్‌ని అడల్ట్ ఎంటర్‌టైన్‌మెంట్ కింద లెక్కగడితే కళాకారిణులు నిరసనకి దిగారు.

ఏడాదికి 11 సార్లకి మించకుండా, ఒక్కోసారి 24 గంటలు దాటకుండా, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కనీసం నెల ఎడం ఉండేలా చేసుకుంటే లైసెన్సు అక్కర్లేదని ఒక మినహాయింపు ఉంది. చాలామంది 'మీది నెలకోసారే కదా, ఇంకేం టెన్షన్?' అంటారు. మాది రెండో శనివారం. మన ఊళ్ళో బ్యాంకులకి సెలవు కాబట్టి ఆ మాట మనకి బాగా తెలుసు. కానీ క్యాలెండరు తీసి లెక్కపెట్టండి. 2025 జనవరిలో రెండో శనివారం 11న, ఫిబ్రవరిలో 8న వచ్చాయి. మధ్య 28 రోజులు. నెల ఎడం లేదు. మినహాయింపు పోయింది. ఇది కనిపెట్టిన రోజున షో నడిపే ఆవిడ నా మిషను ముందు కూర్చుని, పన్నెండు నెలల తేదీలూ కాగితం మీద రాసుకుని కొట్టేసుకుంటూ పోయింది. పైగా, మినహాయింపు వాడుకోవడమంటే మాది ఆ కోవలోదేనని మేమే ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది. ఒప్పుకోకుండా నడిపితే నేరం అంటారేమోనన్న భయం. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆవిడ పని.

మరి లైసెన్సు తీసేసుకుంటే పోలేదా? ముందు ఫీజు. అది ఎంతన్నది ఏ కౌన్సిల్‌కి ఆ కౌన్సిల్ పెట్టుకుంటుంది. ఇదే షెడ్యూలు కింద 2011-12లో వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ ఒక సెక్స్ షాపుకి ఏడాదికి వేసిన ఫీజు 29,102 పౌండ్లు. ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మా ఫీజు అంత కాకపోవచ్చు, కానీ అరవై కుర్చీల గదికి అందులో పదోవంతు కట్టాలన్నా టికెట్ల డబ్బులో ఏమీ మిగలదు. అది కూడా ఏటేటా కట్టాలి, లైసెన్సు గడువు ఏడాదికి మించదు. మగవాళ్ళు రాత్రంతా నోట్లు ఖర్చుపెట్టే పెద్ద క్లబ్బుకి అది లెక్కలోది కాదు. ఎవరిని అదుపు చేయాలని ఈ చట్టం తెచ్చారో వాళ్ళు డబ్బు కట్టి, లాయర్ని పెట్టుకుని నడుపుకుంటున్నారు. తట్టుకోలేక మూసుకునేది మా పైగది లాంటివి.

డబ్బు కంటే పెద్ద చిక్కు ఆ పేరు. లైసెన్సు వస్తే ఆ గది 'సెక్స్ ఎస్టాబ్లిష్‌మెంట్' అవుతుంది. మధ్యాహ్నం పూట అదే గదిలో ముసలివాళ్ళు అల్లికల క్లాసు పెట్టుకుంటారు, బుధవారం పిల్లల నాటకాల క్లాసు. పబ్ యజమాని మంచివాడే, కానీ ఇన్సూరెన్సు వాళ్ళు ఏమంటారో, బిల్డింగు ఓనరు ఏమంటాడో అని బెంగ పెట్టుకున్నాడు. 'ఎందుకొచ్చిన గొడవ, క్విజ్ నైటు పెట్టుకుంటాను' అన్నాడు మొన్న. ఇక్కడ చుట్టుపక్కల ఇంకో రెండు గదులు ఇలాగే పోయాయి. ఎవరూ నిషేధించలేదు, ఎవరూ కేసు పెట్టలేదు. మేనేజర్లు ఒక ఉత్తరం చూసి జడుసుకున్నారు, అంతే. చట్టం పుస్తకంలో మీకు ఎక్కడా 'బర్లెస్క్ వేయకూడదు' అని కనిపించదు. వేసుకునే చోటు మాత్రం ఒక్కొక్కటే పోతోంది.

మన ఏరియాకి ఇలాంటివి ఎన్ని ఉండవచ్చో కౌన్సిల్ ఒక సంఖ్య పెట్టుకోవచ్చు. ఆ సంఖ్య సున్నా కూడా కావచ్చు. ఆ కారణంతో కాదంటే మేజిస్ట్రేటు కోర్టులో అప్పీలు కూడా లేదు. అందుకే మీ సంతకాలకి అంత బరువుంది.

ఇది చదివి, 'అయితే ఏంటమ్మా, అది మన సంస్కృతి కాదు కదా' అంటారని నాకు తెలుసు. నమూనా ఉత్తరంలో కూడా 'భారతీయ సంస్కృతి' అనే మాట రెండుసార్లు ఉంది. దానికి జవాబు మన ఊళ్ళ నుంచే చెప్తాను.

నాకు పదకొండేళ్ళప్పుడు, సంక్రాంతికి మా షాపు నుంచి ఒక రికార్డింగ్ డాన్సు పార్టీ డ్రెస్సులు అద్దెకి తీసుకుంది. కనుమ నాడు అర్ధరాత్రి దాటాక తలుపు కొట్టారు. డాన్సు చేసే అమ్మాయి, హార్మోనియం ఆయన. పోలీసులొచ్చి షో ఆపేశారట. డాన్సు ఆడే అమ్మాయిల్ని జీపు ఎక్కించారట. పందిరి వేయించిన పెద్దమనుషుల్ని, నోట్లు గుచ్చిన వాళ్ళని, ముందు వరసలో కుర్చీలేసుకుని కూర్చున్న వాళ్ళని ఎవరూ పేరు కూడా అడగలేదు. ఈ అమ్మాయి చీకట్లో పొలం గట్ల మీద పడి తప్పించుకొచ్చింది. జాకెట్టు చంక దగ్గర చిరిగింది, ముఖం మీద రంగు అలాగే ఉంది. మా అమ్మ కొబ్బరినూనె సీసా, పాత గుడ్డ తెచ్చి ఇచ్చింది, రంగు తుడుచుకోమని. ఆ అమ్మాయి మా అరుగు మీద కూర్చుని ముఖం తుడుచుకుంటూ, 'డ్రెస్సు పాడైంది బాబాయ్, డబ్బులివ్వలేదు వాళ్ళు, మళ్ళీ ఏడు ఇస్తాను' అంది నాన్నగారితో. నాన్నగారు వద్దులే అన్నారు. చిరిగిన జాకెట్టు మర్నాడు నేనే కుట్టాను. నేను కుట్టిన మొదటి స్టేజి డ్రెస్సు అదే.

ఇంకా వెనక్కి వెళ్దాం. మన పిల్లలు ఆదివారం నేర్చుకుంటున్న క్షేత్రయ్య పదాలని, జావళీలని తరతరాలుగా అభినయంతో కాపాడింది కలావంతుల స్త్రీలు, అంటే ఆటపాటలే వృత్తిగా బతికిన కుటుంబాల ఆడవాళ్ళు. పెద్దాపురం, మండపేట, మురమండ లాంటి ఊళ్ళల్లో వాళ్ళ మేళాలు (ఆడిపాడే బృందాలు) ఉండేవి. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చింది. చిన్నపిల్లల్ని గుడికి అంకితమివ్వడం ఆపాలనుకోవడం న్యాయమైన పని, దాన్ని నేను తప్పు పట్టను. 1956లో ఆంధ్రలో దానికి సవరణ తెచ్చి పెళ్ళిళ్ళల్లో మేళం ఆడడాన్ని కూడా నేరం చేశారు. పిల్లని అంకితమివ్వడం వేరు, పెద్దావిడ పెళ్ళిపందిట్లో పదం పట్టడం వేరు. రెండింటినీ ఒకే తాటికి కట్టారు. వాళ్ళకి తిండి పెట్టిన విద్య పోయింది. ఆ విద్యలో చాలాభాగం తర్వాత ఇతర కుటుంబాల పిల్లలకి అరంగేట్రాలైంది. నటరాజ రామకృష్ణగారు ఆ ముసలి కళాకారిణుల ఇళ్ళకి వెళ్ళి నేర్చుకుని, 'ఆంధ్రనాట్యం' పేరుతో నిలబెట్టకపోతే మిగిలిందీ పోయేది.

మహారాష్ట్ర సంగతి మీరందరూ టీవీలో చూసిందే. 2005లో బార్లలో డాన్సు నిషేధించారు. త్రీస్టార్, ఆపై హోటళ్ళకి, క్లబ్బులకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. 75,000 మంది ఆడవాళ్ళ పని పోయిందని కోర్టు ముందు లెక్క చెప్పారు. స్త్రీల గౌరవం కాపాడడానికే చేశామన్నారు. హైకోర్టు 2006లో కొట్టేసింది, 2013 జూలై 16న సుప్రీంకోర్టు ఆ తీర్పే సరైనదంది. చిన్న బారులో తప్పయిన డాన్సు పెద్ద హోటల్లో ఒప్పెలా అవుతుందన్నది అక్కడ తేలిన ప్రశ్న. 2016లో మళ్ళీ ఇంకో చట్టం తెచ్చి, బడికీ గుడికీ కిలోమీటరు దూరం ఉండాలని, లోపల కెమెరాలు పెట్టాలని షరతులు పెట్టారు. 2019 జనవరి 17న సుప్రీంకోర్టు ఆ కిలోమీటరు షరతునీ కెమెరాలనీ తీసేసింది. నోట్లు విసరకూడదన్న షరతుని మాత్రం ఉంచింది, అది నాకు నచ్చింది. పద్నాలుగేళ్ళు కోర్టుల్లో తిరిగేసరికి ఆ ఆడవాళ్ళ వయసు అయిపోయింది. గెలిచిన తీర్పు వాళ్ళలో ఎంతమందికి పనికొచ్చి ఉంటుంది?

న్యూయార్క్‌లో ఇదే బర్లెస్క్‌కి ఇదే జరిగింది. 1937లో మేయరు లాగార్డియా హయాంలో లైసెన్సు కమిషనరు పాల్ మాస్ బర్లెస్క్ థియేటర్ల లైసెన్సులు రెన్యూ చేయలేదు. తర్వాత కొన్నింటిని తెరవనిచ్చారు, కానీ బోర్డు మీద బర్లెస్క్ అనే మాట ఉండకూడదన్నారు. 1942కల్లా అవీ పోయాయి. ఒక్క చట్టమూ చేయక్కర్లేకపోయింది. రెన్యూవల్ కాగితం మీద సంతకం పెట్టకపోతే సరిపోయింది.

ఇంగ్లండు స్టేజి మీద 1968 దాకా లార్డ్ ఛాంబర్లెయిన్ అనే రాజదర్బారు అధికారి సెన్సారు ఉండేది. సోహోలోని విండ్‌మిల్ థియేటర్లో బట్టల్లేని అమ్మాయిలు శిల్పాల్లా కదలకుండా నిలబడితే ఒప్పుకునేవాళ్ళు, కదిలితే కుదరదనేవాళ్ళు. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. ఆడది బొమ్మలా నిలబడితే పర్వాలేదు, తన ఇష్టంతో ఒక్క అడుగు వేస్తే తప్పు అన్నమాట.

మీ ఉత్తరంలో పిల్లల మాట ఉంది. అది అడగాల్సిన మాటే. షోకి పద్దెనిమిది నిండనివాళ్ళని రానివ్వరు, మెట్ల దగ్గరే ఐడీ చూస్తారు. కింద పోస్టరు మీద ఫోటో ఉండదు, ఈకల విసనకర్ర బొమ్మ మాత్రమే. అది కూడా ఇబ్బంది అనిపిస్తే తీసేయడానికి షో నడిపే ఆవిడ సిద్ధంగా ఉంది, నేను అడిగాను. గుడి మాట ఉంది. మన గుడి రాత్రి ఎనిమిదిన్నరకి మూస్తారు, షో తొమ్మిదికి మొదలవుతుంది. షో అయ్యాక జనం బయట నిలబడి సిగరెట్లు కాలుస్తూ గోల చేస్తారని ఒకరు రాశారు. అది నిజం. ఆ కిటికీ ఎవరిదో నాకు తెలుసు, చంటిపిల్ల ఉన్న ఇల్లు. తప్పు మాదే. ఇక నుంచి పదకొండుకల్లా ముగించి, వెనక గేటు నుంచి పంపేస్తామని కౌన్సిల్ లైసెన్సుల కమిటీకి రాసిచ్చాం. ఆ ఒక్క అభ్యంతరాన్నీ వెనక్కి తీసుకోమని నేను అడగను.

అమ్మాయిల్ని అవమానిస్తున్నారు, వాడుకుంటున్నారు అన్న మాట మాత్రం నాకు గుచ్చుకుంది. ఆ గది నడిపేది ఒక ఆడమనిషి. డాన్సు చేసేవాళ్ళెవరూ ఆమెకి ఎదురు డబ్బు కట్టరు, టికెట్ల డబ్బు అందరూ సమానంగా పంచుకుంటారు. ఎవరేం వేసుకోవాలో, ఎంతవరకు తీయాలో వాళ్ళే చెప్పి నా చేత కుట్టించుకుంటారు. ముట్టుకున్నవాణ్ణి ఆ నిమిషంలోనే మెట్లు దింపేస్తారు. ఎనిమిదేళ్ళలో అలా రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ నేను అక్కడే ఉన్నాను. స్త్రీల గౌరవం కోసమని మీరు పంపిన కాగితం వల్ల ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళు తమ చేతుల్లో పెట్టుకున్న ఒకే ఒక్క స్టేజి మూతపడుతుంది. ఊరి మధ్యలో ఉన్న పెద్ద క్లబ్బు మాత్రం అలాగే నడుస్తుంది, దాని లైసెన్సు రెన్యూవల్‌కి మన గ్రూపులో ఎవరూ ఫోటో పెట్టలేదు.

ఇంకొకటి. నైతిక విలువల మీద మాత్రమే ఆధారపడిన అభ్యంతరాలని లెక్కలోకి తీసుకోకూడదని హోంశాఖ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కానీ నలభై ఉత్తరాలు ఒకేలా వచ్చి టేబుల్ మీద పడితే, కమిటీలో కూర్చున్నవాళ్ళు కూడా ఓట్లడిగే మనుషులే కదా.

హియరింగు వచ్చే నెల మొదటి మంగళవారం సాయంత్రం. మీ ఉత్తరం వెనక్కి తీసుకోవాలంటే లైసెన్సింగ్ ఆఫీసుకి రెండు వాక్యాల ఈమెయిల్ చాలు. ఇంగ్లీషులో ఎలా రాయాలో అని మొహమాటపడితే నాకు ఒక ఫోన్ కొట్టండి, రాసి పెడతాను. వెనక్కి తీసుకోవడం ఇష్టం లేకపోతే, కనీసం ఒకసారి వచ్చి చూసి, చూసినదాన్ని గురించి మీ సొంత మాటల్లో మళ్ళీ రాయండి. నాకు వ్యతిరేకంగా రాసినా సరే. వచ్చే షో ఈ నెల రెండో శనివారం. ముందు వరస పక్కనున్న మూడు కుర్చీలు మన ఆడవాళ్ళ కోసం ఆపి ఉంచమని చెప్పాను, టికెట్టు అక్కర్లేదు. నేను మెట్ల పక్కన బట్టల స్టాండు దగ్గరే ఉంటాను. ఉగాది బ్లౌజులు ఆరు కుట్టి సిద్ధంగా ఉన్నాయి, ఎవరివి వాళ్ళు అప్పుడే తీసుకెళ్ళవచ్చు.

మీ
తెనాలి టైలరమ్మాయి